వంగిన పుష్ రాడ్ వెనక ఏముంది? పాత లారీ ఇంజిన్ మీద ఒక మేస్త్రి మాటలు

(ఐటీఐ డీజిల్ మెకానిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, మాస్టర్లకి, నోటు పుస్తకాలు తెరిచి కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ రాడ్ చూడండి. వెనక బెంచీల వాళ్లకు కనపడకపోవచ్చు, అందుకే పైకెత్తి తిప్పుతున్నాను. దూరం నుంచి తిన్నగానే ఉంది కదా? ఇప్పుడు దీన్ని ఈ అద్దం ముక్క మీద దొర్లిస్తాను. మాట్లాడకుండా వినండి. టక్... టక్... టక్. తిన్నగా ఉన్న రాడ్ ఒకే చప్పుడుతో అలా సాగిపోతుంది. ఇది చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి పొట్ట పైకెత్తి దించుతోంది. టాటా 697 లారీ ఇంజిన్‌లో, నాలుగో సిలిండర్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వుని తెరిచే పుష్ రాడ్ ఇది. ఇరవై ఏళ్లుగా నా టూల్ పెట్టెలో దాచుకున్నాను. ఎందుకు దాచుకున్నానో ముందు చెబుతాను, మిగతా పాఠం అందులోంచే వస్తుంది.

అప్పటికి నేను విజయవాడ ఆటోనగర్‌లో సొంత షెడ్డు పెట్టి కొన్నేళ్లయింది. 697 ఇంజిన్ ఉన్న ఒక పాత ఆరు చక్రాల లారీ వచ్చింది. మిస్సింగ్, అంటే ఒక సిలిండర్ సరిగా పని చేయడం లేదు. ఇంజిన్ నెత్తిన ఉండే టాపెట్ కవర్ విప్పితే నాలుగో ఎగ్జాస్ట్ రాడ్ వంగి ఉంది. కొత్త రాడ్ వేశాను, టాపెట్లు సెట్ చేశాను, ఇంజిన్ గడియారంలా నడిచింది. మూడు గంటల్లో పని అయిపోయింది. ఓనరు మెచ్చుకుని డబ్బులిచ్చి వెళ్లాడు. పది రోజులకు అదే బండి, అదే సిలిండర్, అదే రాడ్. మొదట వేసిన రాడ్ నకిలీది అయ్యుంటుందనుకుని ఈసారి మంచి కొట్లో అడిగి తెప్పించి వేశాను. ఇంకో రెండు వారాలు గడిచాయి. నూజివీడు నుంచి మామిడికాయల లోడుతో హైదరాబాద్ పోతూ సూర్యాపేట దాటాక రాత్రిపూట ఆగిపోయింది. బండిని వెనక్కి లాక్కొచ్చేసరికి ఎండలో సగం కాయ మెత్తబడిపోయింది. ఆ డ్రైవరు నన్ను ఒక్క మాట అనలేదు. షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని తల దించుకున్నాడు. తిట్టి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో.

మూడోసారి హెడ్ దించాను. ఆ ఎగ్జాస్ట్ వాల్వును గైడులోంచి, అంటే వాల్వు కాడ ఆడే గొట్టంలోంచి, చేత్తో లాగితే రాలేదు. చెక్క సుత్తితో తట్టాక వచ్చింది. కాడ మీద రెండుచోట్ల గోరుతో తాకితే తెలిసేంత గీతలు. అంతకు కొన్ని నెలల ముందు ఎక్కడో హెడ్ పని చేయించారట, కొత్త గైడులు కొట్టించారు. గైడుని హెడ్‌లోకి బిగువుగా కొట్టినప్పుడు దాని లోపలి బోరు కొంచెం ముడుచుకుంటుంది. అందుకే కొట్టాక రీమర్, అంటే రంధ్రాన్ని లోపల సన్నగా కోసే పనిముట్టు, తిప్పి సైజుకు తేవాలి. ఆ ఒక్క గైడుకు రీమర్ పడలేదు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ వాల్వు ఆడుతుంది. లోడుతో గంటల తరబడి నడిస్తే ఎగ్జాస్ట్ వాల్వు కాడ వేడికి ఉబ్బుతుంది, గైడులో పట్టేస్తుంది. కింద రాడ్‌ని పైకి తోసే క్యామ్ మాత్రం ఆగదు కదా. ఇటు ఆగని క్యామ్, అటు కదలని వాల్వు, మధ్యలో ఈ రాడ్. రీమర్ తిప్పి, వాల్వు మార్చి, సీటు గ్రైండ్ చేసి హెడ్ ఎక్కించాను. ఆ జబ్బుతో ఆ బండి మళ్లీ రాలేదు.

అంటే మొదటి రెండుసార్లూ నేను చేసింది రిపేరు కాదు. రాడ్ ఎందుకు వంగిందో అడక్కుండా కవర్ మూసేశాను. ఈ రోజు మీకు నేను నేర్పాలనుకున్నది ఆ ప్రశ్న అడగడమే. వంగిన రాడ్ దొరికినప్పుడు మీ పని సగం కూడా కాలేదు, అప్పుడే మొదలైంది.

ముందు ఈ రాడ్ ఏం చేస్తుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. క్యామ్ షాఫ్ట్ కింద బ్లాక్‌లో ఉంటుంది, వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి. క్యామ్ మీద టాపెట్, టాపెట్‌లో నిలబడి పుష్ రాడ్, దాని నెత్తిన రాకర్, రాకర్ రెండో చివర కింద వాల్వు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు. ఈ ఇంజిన్ 2800 ఆర్‌పీఎమ్ దగ్గర తిరుగుతుంటే ప్రతి వాల్వూ నిమిషానికి 1400 సార్లు తెరుచుకుంటుంది. సెకనుకు 23 సార్లు. ప్రతిసారీ స్ప్రింగు బలం అంతా ఈ రాడ్ నెత్తిన పడుతుంది. అదీగాక చాలా ఇంజిన్లలో రాకర్‌కి రెండు చేతులూ సమానంగా ఉండవు, వాల్వు వైపు చెయ్యి పొడుగు. కాబట్టి వాల్వు దగ్గర ఎంత బరువు పడితే రాడ్ దగ్గర దానికంటే ఎక్కువ పడుతుంది.

మరి ఇంత సన్నని రాడ్ ఎలా ఓర్చుకుంటుంది? ఇంటికి వెళ్లాక కొబ్బరి చీపురులోంచి ఒక పుల్ల తీసి, జానెడు ముక్క చేసి, నిటారుగా నిలబెట్టి అరచేత్తో నొక్కి చూడండి. తిన్నగా ఉన్నంతసేపూ చెయ్యి గుచ్చుకునేంత బలంగా ఎదురు నిలుస్తుంది. ఒక్కసారి నడుం దగ్గర కొంచెం పక్కకు జరిగిందా, ఇక ఏ బలమూ లేదు, విల్లులా వంగిపోతుంది. పుష్ రాడ్ కథా అంతే. దాని బలమంతా తిన్నదనంలోనే ఉంది. వంగిన రాడ్‌ని సుత్తితో తిన్నగా కొట్టి వేయొద్దని చెప్పేది అందుకే. కంటికి తిన్నగా కనిపించినా అది వంగిన చోటే మళ్లీ వంగుతుంది. అడవి మధ్యలో బండి ఆగిపోతే, షెడ్డు దాకా చేరడానికి అలా తిన్నగా కొట్టి, నిదానంగా నడిపించుకుని రావడం వేరు. షెడ్డులో ఉండి ఆ పని చేయడం మాత్రం తప్పు.

ఈ 697 సంగతి ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. 1954లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్), జర్మనీ డైమ్లర్-బెంజ్ ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టాయి. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. అయినా మా నాన్న తరం వాళ్లు చివరిదాకా వాటిని బెంజి లారీలనే అన్నారు. 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. స్ట్రోక్ 128. లెక్క కడితే 5675 సీసీ. దానికి ముందుది 692, అంటే 92 బోరు. పేరులోనే కొలత ఉంది, మెకానిక్‌కి ఇంతకంటే మంచి పేరు ఏం కావాలి! ఇప్పటికీ మన బెంజ్ సర్కిల్ మీదుగా పోతుంటే నాకు గుర్తొచ్చేది ఆ ఇంజినే.

సరే, బండి వచ్చింది. డ్రైవరు మిస్సింగ్ అంటున్నాడు, పికప్ లేదంటున్నాడు, టిక్ టిక్ అని చప్పుడంటున్నాడు. వెంటనే పానా పట్టుకోవద్దు. రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఉన్నట్టుండి వచ్చిందా, నెమ్మదిగా పెరిగిందా? ఈ మధ్య హెడ్ ఎవరైనా ముట్టుకున్నారా? నా అనుభవంలో డ్రైవరు ఇచ్చే జవాబులోనే సగం రోగం దొరుకుతుంది. వాళ్లు దాచేది కూడా ఉంటుంది, దాని గురించి తర్వాత చెబుతాను.

తర్వాత చెవి. ప్రతి టిక్ చప్పుడూ టాపెట్ చప్పుడు కాదు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కొట్టుకున్నా అలాగే ఉంటుంది. సిలిండర్ల పొగ వచ్చి కలిసే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ ఒక మూల ఎగిరిపోయి గ్యాస్ కారుతున్నా అచ్చం టాపెట్ లాగే టిక్కుటిక్కుమంటుంది. అలా కారే చోట నల్లగా మసి పట్టి ఉంటుంది, టార్చి వేసి చూస్తే దొరుకుతుంది. నాజిలా టాపెట్టా అన్నది తేల్చడానికి మా మేస్త్రి నేర్పిన పద్ధతి ఇది. ఐడిల్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టు అర చుట్టు వదులు చేయాలి. ఆ సిలిండర్‌కి డీజిల్ పోవడం ఆగుతుంది. నాజిల్ చప్పుడైతే వెంటనే పోతుంది. టాపెట్ చప్పుడైతే డీజిల్ ఆగినా కొట్టుకుంటూనే ఉంటుంది.

ఇదే పరీక్ష చచ్చిన సిలిండర్‌ని కూడా పట్టిస్తుంది. బాగున్న సిలిండర్ నట్టు వదులు చేస్తే ఇంజిన్ స్వరం పడిపోతుంది, వణుకు పెరుగుతుంది. ఏ నట్టు వదిలితే తేడా రాదో, అదే పని చేయని సిలిండర్. కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఇది పాత ఇన్‌లైన్ పంపు ఉన్న ఇంజిన్లకు మాత్రమే. కామన్ రైల్ బండి, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టంలోంచి చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పోయే కొత్త రకం, దాని మీద ఇంజిన్ నడుస్తుండగా పైపు నట్టు ముట్టుకోనే కూడదు. రెండోది, పాత ఇంజిన్ అయినా సరే చిమ్మే డీజిల్‌కి వేలు అడ్డం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ సూదిలా చర్మంలోకి దిగిపోతుంది. పైకి చిన్న చుక్కే కనపడుతుంది, నొప్పి కూడా మొదట ఉండదు, లోపల మాత్రం కండ చచ్చిపోతూ ఉంటుంది. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అలా జరిగితే కట్టు కట్టుకుని కూర్చోవద్దు, ఆ నిమిషమే ఆసుపత్రికి పోవాలి.

నట్టు విప్పడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి కొద్దిసేపు నడిపి, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీద ఒక్కో సిలిండర్ ఎదురుగా నీళ్ల చుక్క వేయండి. మిగతా చోట్ల చుయ్యిమంటుంది. చచ్చిన సిలిండర్ దగ్గర చుక్క అలాగే కూర్చుంటుంది.

ఇప్పుడు సిలిండర్ దొరికింది. రోగం పంపుదా, నాజిల్‌దా, వాల్వుదా? ఇక్కడ ఎయిర్ క్లీనర్ దగ్గర చెవి పెట్టండి. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోవడం మానేస్తే కాలిన గ్యాస్ బయటికి పోలేదు. ఇన్‌లెట్ తెరవగానే అటు తన్నుతుంది. ఎయిర్ క్లీనర్‌లో ఫుట్, ఫుట్ అని ఎదురుదెబ్బ వినిపిస్తుంది. అదే ఇన్‌లెట్ తెరుచుకోకపోతే లోపలికి గాలే రాదు, చిమ్మిన డీజిల్ మండదు, తెల్ల పొగ వస్తుంది, నాజిల్ విప్పితే తడిగా ఉంటుంది.

కంప్రెషన్ గేజ్ గురించి ఒక మాట. చాలామంది దాన్ని దేవుడి మాటలా నమ్ముతారు. ఎగ్జాస్ట్ రాడ్ వంగి ఆ వాల్వు అసలు తెరుచుకోకపోయినా, ఇన్‌లెట్ బాగుంటే గేజ్ మంచి అంకెనే చూపించవచ్చు, ఎందుకంటే ఆ సిలిండర్‌లో గాలి మూసుకునే ఉంది. నేను అలా ఒకసారి మోసపోయి సగం రోజు పంపు మీద పడ్డాను. సిలిండర్ చచ్చి ఉంది, కంప్రెషన్ బాగుంది అంటే పంపు దించే ముందు టాపెట్ కవర్ విప్పి చూడండి. కవర్ విప్పడం పది నిమిషాల పని.

కవర్ విప్పారు. ఇంజిన్ ఆపి ఉంది. క్రాంక్‌ని నెమ్మదిగా చేత్తో తిప్పించండి, మీరు రాకర్ల మీద కన్ను పెట్టండి. పన్నెండూ ఒకదాని తర్వాత ఒకటి తలలూపాలి. ఏది తక్కువ ఊపుతోందో కంటికే తెలుస్తుంది. తెలియకపోతే స్ప్రింగు ప్లేటు మీద డయల్ గేజ్ పెట్టి లిఫ్ట్ కొలవండి. ఇన్‌లెట్లను ఇన్‌లెట్లతో, ఎగ్జాస్ట్‌లను ఎగ్జాస్ట్‌లతో పోల్చండి. పుస్తకంలో అంకె దొరక్కపోయినా బాగున్న అయిదు వాల్వులే ఆరోదానికి పుస్తకం.

తర్వాత వేళ్లు. వాల్వు మూసుకుని టాపెట్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య సందు) ఉన్న స్థితిలో ప్రతి రాడ్‌నీ బొటనవేలు, చూపుడు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పండి. మంచి రాడ్ పూస తిరిగినట్టు తిరుగుతుంది. వంగింది తిరుగుతూ తిరుగుతూ ఒక వైపుకు లాగుతుంది, మళ్లీ వదులుతుంది. కంటికి కనపడని వంపు కూడా వేళ్లకు తెలుస్తుంది. అసలు తిరగకుండా బిగిసి ఉంటే అక్కడ గ్యాప్ లేదు. బారెడు వదులుగా ఉంటే రాడ్ వంగి పొట్టిదై ఉండాలి, లేదా లాక్ నట్టు జారి ఉండాలి, లేదా కింద క్యామ్, టాపెట్ అరిగి ఉండాలి.

రాడ్లు తీసేటప్పుడు అట్టముక్కకి పన్నెండు కంతలు పెట్టి, నంబర్లు రాసి, ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చండి. ఇది చాదస్తం అనుకోవద్దు. ఏళ్ల తరబడి ఒకే టాపెట్, ఒకే రాకర్‌తో అరిగి జతపడిన రాడ్ అది, వేరేచోట పెడితే కొత్త అరుగుదల మొదలవుతుంది. ఇంకోటి, రాడ్‌ని సర్రున పైకి లాగొద్దు. ఆయిల్ పట్టుకి కింద టాపెట్ కూడా దాంతో పాటు లేచి పక్కకు పడొచ్చు, ఆపైన చాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి, దించాల్సి వస్తుంది. కొంచెం తిప్పి, పక్కకు వాల్చి, ఆ పట్టు విడిపించి అప్పుడు తీయాలి.

ఇక రాడ్ చేతికొచ్చింది. వంపు ఎక్కడుందో చూడండి, అది చాలా చెబుతుంది. నా చేతిలో ఉన్నది సరిగ్గా నడుం దగ్గర విల్లులా ఉంది. రెండు చివర్ల మధ్య నలిగిన రాడ్ ఇది. పైన వాల్వు కదలలేదన్నమాట. అలా కాకుండా పై చివర దగ్గర మెడ విరిగినట్టు వంగి, పక్కన మెరుస్తూ రాపిడి మచ్చ ఉంటే, రాడ్ రాకర్ గుంటలోంచి జారిపోయి పక్కన ఇరుక్కుని నలిగింది. దానికి కారణం ఎక్కువగా వదులు గ్యాప్, లేదంటే వాల్వు తెరుచుకుని అలాగే ఉండిపోవడం. చివరల రంగు కూడా చూడండి. నీలంగా కమిలి ఉంటే అక్కడికి ఆయిల్ అందలేదు.

అప్పుడు కవర్ లేకుండానే ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి ప్రతి రాకర్ దగ్గర ఆయిల్ ఊరుతోందా చూడాలి. రాకర్ షాఫ్ట్ బోలుగా ఉంటుంది, ఆయిల్ దాని లోపలే నడిచి చిన్న రంధ్రాల్లోంచి బుష్‌లకు వస్తుంది. మడ్డి పట్టి ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. విప్పి బిగించినవాళ్లు షాఫ్ట్‌ని తిరగేసి పెట్టిన కేసులు చూశాను. హెడ్ ప్యాకింగ్‌లో ఆయిల్ రంధ్రం సరిగ్గా కూర్చోనివి కూడా చూశాను.

వాల్వు పట్టేసిందా లేదా అన్నది హెడ్ దించకుండానే చాలావరకు తెలుసుకోవచ్చు. పిస్టన్‌ని పైకి తెచ్చి, రాకర్ పక్కకు తీసి, వాల్వు కాడ నెత్తిన చెక్క పిడితో ఒక దెబ్బ వేయండి. మంచి వాల్వు టంగుమని ఎగిరి వెనక్కి కూర్చుంటుంది. పట్టేసిన వాల్వు చప్పుడు మొద్దుగా ఉంటుంది, దెబ్బ చేతికే తిరిగొస్తుంది. తర్వాత వరసగా వాల్వు కాడల నెత్తిన స్టీలు స్కేలు పెట్టండి. ఒకటి కిందికి ఉంటే అది పూర్తిగా మూసుకోలేదు, వంగి ఉండొచ్చు. పైకి ఉంటే సీటు అరిగి వాల్వు హెడ్‌లోకి దిగిపోయింది.

అనుమానం తీరకపోతే గాలి పెట్టండి. ఆ సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి, అంటే రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైకొచ్చిన చోటికి, తెచ్చి నాజిల్ కంతలోంచి కంప్రెసర్ గాలి వదలాలి. ఎయిర్ క్లీనర్‌లో బుస్సుమంటే ఇన్‌లెట్, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్, ఇంజిన్ ఆవిరి పోయే బ్రీదర్ గొట్టంలో అయితే పిస్టన్ రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ ప్యాకింగ్. టీడీసీ సరిగ్గా లేకపోతే గాలికి క్రాంక్ గిర్రున తిరుగుతుంది, ఫ్యాన్ దగ్గర ఎవరి చేతులూ ఉండకూడదు.

ఇంతకీ వాల్వు ఎందుకు పడుతుంది? రీమర్ పడని గైడు ఒకటి చెప్పాను. కాడ మీద ఆయిల్ కాలి గట్టిపడిన మడ్డి ఇంకోటి, ఐడిల్‌లో గంటలు గంటలు నడిచే బండ్లలో ఎక్కువ. ఇక నిలబడిపోయిన బండి. 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి నిలిచిన బండ్లు తర్వాత వరసగా వచ్చాయి. తెరుచుకున్న వాల్వుల్లోంచి తేమ దిగి కాడ తుప్పు పట్టింది. ఓనరు వచ్చి ఒక్కసారి సెల్ఫ్ కొట్టాడు, రాడ్ వంగింది. అలాంటి బండికి ముందు కవర్ విప్పి, ప్రతి వాల్వు కాడ మీద ఆయిల్ పోసి, ఒక రాత్రి ఆగి, పొద్దున్నే చేత్తో రెండు చుట్లు తిప్పి ఆ తర్వాత సెల్ఫ్ కొడితే ఏమీ అయ్యేది కాదు.

డ్రైవర్లు దాచే సంగతి అన్నాను కదా. పాడేరు ఘాట్ దిగి చింతపండు బస్తాలతో వచ్చిన బండి ఒకటి. డ్రైవరు ఏమీ జరగలేదన్నాడు. విప్పితే పన్నెండు రాడ్లలో అయిదు వంగి ఉన్నాయి. ఒకే సిలిండర్‌లో కాదు, అక్కడొకటి ఇక్కడొకటి, ఇన్‌లెట్లూ ఉన్నాయి, ఎగ్జాస్ట్‌లూ ఉన్నాయి. అయిదు వాల్వులు ఒకే రోజు పట్టేయవు. హెడ్ దించితే పిస్టన్ల నెత్తిన నెలవంకల్లా మచ్చలు, వాల్వు అంచు తగిలిన గుర్తులు. నేను ఆ కుర్రాడిని పక్కకు తీసుకెళ్లి టీ ఇప్పించి నెమ్మదిగా అడిగాను. అప్పుడు చెప్పాడు. దిగుడులో బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గాయి. భయంతో కింది గేరులోకి కొట్టి క్లచ్ వదిలేశాడు. ఇంజిన్ అరిచింది. వేగం మీరకుండా చూసే గవర్నర్ డీజిల్‌ని ఆపగలదు కానీ, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటే దాన్ని ఎలా ఆపుతుంది? ఆ వేగానికి స్ప్రింగులు వాల్వులను సమయానికి మూయలేకపోయాయి, పిస్టన్ వచ్చి వాటిని తన్నింది. ఆ కుర్రాడు ఆ గేరు వేయకపోతే లోయలో ఉండేవాడేమో. ఓనరుకి నేను ఆ మాటే చెప్పాను. రాడ్లు, వాల్వులు కొనుక్కోవచ్చు.

కాబట్టి ఎన్ని రాడ్లు వంగాయన్నది లెక్కపెట్టండి. ఒక్కటే వంగితే ఆ వాల్వు వెంట పడండి. చెదురుమదురుగా చాలా వంగితే ఓవర్ స్పీడ్ అడగండి. ఇంజిన్ బిగించిన వెంటనే మొదటి సెల్ఫ్‌కే వంగితే టైమింగ్ గేర్ మార్కులు కలవలేదేమో చూడండి. అందుకే ఇంజిన్ కట్టాక, సెల్ఫ్ ముట్టుకునే ముందు, చేత్తో రెండు నిండు చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆగండి, బలం పెట్టొద్దు.

హెడ్ అడుగుని ఎక్కువసార్లు చదునుగా కోయించిన, అంటే ప్లేన్ చేయించిన బండ్లలో ఇంకో రకం ఉంటుంది. హెడ్ పలచబడిన కొద్దీ వాల్వు పిస్టన్‌కి దగ్గరవుతుంది. డీజిల్‌లో అక్కడ ఉండే సందే చాలా తక్కువ. ప్లేన్ చేయించి తెచ్చిన హెడ్‌ని తిరగేసి, స్కేలు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకులు) పెట్టి ప్రతి వాల్వూ ఎంత లోతున కూర్చుందో కొలిచి పుస్తకంతో పోల్చాకే ఎక్కించండి. లేత్ వాళ్లు బాగానే చేశాం అంటారు, కొలత మాత్రం మీ చేత్తో మీరే తీసుకోవాలి.

టాపెట్ సెట్టింగ్ మీకు మాస్టర్లు చెప్పే ఉంటారు, క్లుప్తంగా చెబుతాను. 697కి ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-5-3-6-2-4. జతలు 1-6, 5-2, 3-4. ఆరో సిలిండర్‌లో రెండు వాల్వులూ ఊగుతున్న క్షణంలో ఒకటో సిలిండర్‌ని సెట్ చేయాలి, అలా జత జతకి. చల్లని ఇంజిన్ మీద ఇన్‌లెట్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు పెడతాం. వేరే ఇంజిన్‌కి ఈ అంకెలు మోసుకుపోవద్దు, దాని పుస్తకం చూడండి. ఫీలర్ వెన్న మీద కత్తిలా జారకూడదు, ఇరుక్కుని నలగకూడదు, సన్నగా పట్టి వదలాలి. లాక్ నట్టు బిగించాక మళ్లీ కొలవాలి, ఎందుకంటే నట్టుతో పాటు స్క్రూ కూడా వెంట్రుకవాసి తిరుగుతుంది.

ఇందులో కనిపెట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టిన ఒక సంగతి ఉంది. రాకర్ ముక్కు కింద, వాల్వు కాడ తగిలే చోట, పాత ఇంజిన్లలో చిన్న గుంట పడుతుంది. ఫీలర్ బ్లేడు వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆ గుంట మీద వంతెనలా నిలబడుతుంది. బ్లేడు 0.30 అంటుంది, గుంటతో కలిపి నిజమైన గ్యాప్ అంతకంటే ఎక్కువ. మీరు ఎన్నిసార్లు సెట్ చేసినా చప్పుడు పోదు, డ్రైవరు మీ పని మీద నమ్మకం పోగొట్టుకుంటాడు. చప్పుడు పోనిచోట రాకర్ తీసి ముక్కుని వెలుతురులో చూడండి, వేలితో తడమండి.

ఆ చివరి బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. అడగమ్మా. అన్నీ కొత్త బండ్లు వస్తుంటే ఈ పాత రాడ్ల సంగతి ఎందుకు అంటున్నావా? మంచి ప్రశ్న. టాటా బండ్లలో వచ్చిన కమిన్స్ బి సిరీస్ ఇంజిన్ చూడు, అందులోనూ పుష్ రాడ్లే. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లు, ఆసుపత్రుల జనరేటర్లు, బోర్లు వేసే కంప్రెసర్లు, వీటిలో చాలా వాటిలో ఇవే రాడ్లు. ఇక కవర్ విప్పకముందు చెవితో, వేళ్లతో, లెక్కతో రోగాన్ని చుట్టుముట్టే అలవాటు ఏ ఇంజిన్‌కైనా పనికొస్తుంది తల్లీ.

ఇంకో అబ్బాయి... ఓనరు తొందరపెడితే ఏం చేయాలి అంటున్నాడు. తప్పకుండా పెడతాడు. బండి ఒక రోజు ఆగితే ఆయనకు కిరాయి పోతుంది, ఫైనాన్స్ కిస్తీ ఆగదు. ఆయన టెన్షన్ అబద్ధం కాదు. నేను చేసేది ఒకటే. వంగిన రాడ్‌ని ఆయన చేతిలో పెట్టి అద్దం మీద ఆయనతోనే దొర్లింపిస్తాను. ఇది ఎందుకు వంగిందో తెలియకుండా బండి ఇస్తే మళ్లీ ఎక్కడ ఆగుతుందో నేను చెప్పలేను అంటాను. అప్పుడప్పుడూ ఆ మామిడికాయల లోడు సంగతి కూడా చెబుతాను. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లకు బిల్లు మీద రాసిస్తాను, కారణం చూడలేదు, రాడ్ మాత్రమే మార్చాం అని.

సరే, మాటలు చాలు. వర్క్‌షాప్‌లో ఆ చివరి బల్ల మీద పన్నెండు రాడ్లు, అద్దం, ఫీలర్ గేజ్ పెట్టి ఉంచాను. అందులో మూడు వంగినవి. ఒకటి నడుం దగ్గర, ఒకటి మెడ దగ్గర. మూడోది కంటికి దొరకదు, వేళ్లతోనే పట్టుకోవాలి. నలుగురు నలుగురుగా రండి. ఏది వంగిందో కాగితం మీద రాసి, పక్కనే ఎందుకు వంగి ఉంటుందో కూడా రాసి నాకివ్వండి.